నా రక్షణ పోయిందన్న రోజులు

క్షయ వచ్చినవాళ్ళకు నేను చెప్పేవి రెండు మాటలు. దగ్గులో ఎరుపు కనపడగానే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వచ్చాక తలుపు గడియ పెట్టుకోండి. రోగం చేసే చెరుపు రోగం చేస్తుంది. అది చెయ్యలేనిది పరామర్శకు వచ్చినవాళ్ళు చేస్తారు.

ఇప్పుడు నేను బాగున్నాను. పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించేంత గొంతు వచ్చింది. చేద లాగి నీళ్ళు తోడేంత ఊపిరి వచ్చింది. ఇది రాయడం కొంత నా మనసు కుదుటపడడానికి. కొంత, నాలాగే మంచాన పడి, ఊపిరితిత్తితో పాటు పరలోకం కూడా పోగొట్టుకున్నావని చెప్పించుకుంటున్నవాళ్ళ కోసం.

కర్నూలు రాజధాని అయిన ఏడాది అది. కుందూ ఒడ్డున మా ఊళ్ళో, మిషను ఆడపిల్లల బడిలో నేను పంతులమ్మను. నా భర్త దేవదానం దూది మిల్లులో గుమాస్తా. ఇంట్లో మూడో మనిషి మా అత్త సంతోషమ్మ. మామ పోయి చాలా కాలమైంది. చర్చి సమాధుల తోటలో, గోడ వారన ఉన్నాడు. మాకు పిల్లలు లేరు. దానికి కూడా సంఘం పెద్దల దగ్గర ఒక బైబిలు వాక్యం ఉండేది.

మధ్యాహ్నం దాటితే ఒళ్ళు వెచ్చబడేది. దగ్గు వస్తే సుద్దపొడి అనుకున్నాను. ఒకరోజు పాఠం మధ్యలో దగ్గి చేతిగుడ్డ తీసి చూసుకుంటే ఎర్రగా ఉంది. ముందు బెంచీ పిల్ల అది చూసి బిగ్గరగా ఏడ్చింది. నేను ఏడవలేదు. గుడ్డను మడిచి, మిగిలిన లెక్క బోర్డు మీద పూర్తి చేసి, ఇంటికి వచ్చి పడుకున్నాను. మళ్ళీ బడి గడప తొక్కడానికి ఏళ్ళు పట్టింది.

పక్క ఊరి ఆసుపత్రి వరండాలో మొదట నేర్చుకున్నది కాచుకోవడం. ఎండకు కాలిపోయే నాపరాతి అరుగు, అరుగు కింద బూడిద పోసిన డబ్బాలు, ఎవరి దగ్గు వాళ్ళు లోపలికి మింగుకునే చప్పుడు. భర్తను చూపించడానికి ఏదో పల్లె నుంచి వచ్చిన ఒక ముసలి రెడ్డెమ్మ, స్తంభం నీడలో తను కూర్చున్న చోటు వదిలి లేచింది. "ఈడ కూర్చో పాపా. ఎండ నాకు అలవాటే" అంది. నీ కులమేదని గానీ, నీకున్న జబ్బేదని గానీ అడగలేదు. ఆ నీడ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత రెండేళ్ళలో నా కోసం చేసిన దీర్ఘ ప్రార్థనల్లో ఒక్కటీ గుర్తులేదు.

ఎడమ ఊపిరితిత్తి చెడిందన్నారు. కర్నూలు ఆసుపత్రి క్షయ వార్డులో మంచం ఖాళీ అయ్యేదాకా ఇంట్లోనే ఉండమన్నారు. కంచం వేరు, చెంబు వేరు, గది వేరు.

* * *

మంచం కోసం కాచుకున్న ఆ ఎండాకాలమే అన్నిటికన్నా చెడ్డది. నాపరాళ్ళ మిద్దె కింద పగలంతా ఉడికిపోయేదాన్ని. మా సంఘ కాపరి ప్రసన్నం అయ్యగారు వారం వారం వచ్చేవారు. గదిలోకి రారు. గడప అవతల కుర్చీ వేయించుకుని, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ప్రార్థించేవారు. మొదట్లో స్వస్థత కోసం ప్రార్థించారు. నేను స్వస్థపడలేదు. అప్పుడు ఆయన ప్రార్థన దారి మార్చుకుంది. దాచిన పాపాలేవైనా ఉంటే బయటపెట్టమని దేవుణ్ణి అడగసాగారు. దేవుణ్ణే అడుగుతున్నట్టు, నాకు వినపడేట్టు. మందు పనిచెయ్యకపోతే ఇంకో మందు ఇస్తాడు డాక్టరు. ప్రార్థన పనిచెయ్యకపోతే మాత్రం తప్పు రోగిది.

మా పక్కిల్లు మస్తాన్‌బీది. దూదేకులవాళ్ళు. ఆమె, ఆమె భర్త పరుపులు కుట్టి బతికేవాళ్ళు. గదిలోకి వచ్చి నా పక్కన కూర్చునే మనిషి ఊరు మొత్తంలో ఆమె ఒక్కతే. నేలమీద కాళ్ళు చాపుకుని, జుట్టులో దూదిపింజలతో, ఊళ్ళో సంగతులన్నీ చెప్పేది.

ఒకసారి జ్వరం ఎక్కువై నాకు తెలివి తప్పింది. కళ్ళు తెరిచేసరికి ఎడమ మణికట్టుకు నల్లదారం, దానికి చిన్న రేకు తాయత్తు. మస్తాన్‌బీ నా నుదురు తుడుస్తోంది.

"దర్గా నుంచి తెచ్చి కట్టినాలేమ్మా. ఉండనీ. బువ్వ అడుగుతాదా, నీళ్ళు అడుగుతాదా?"

ఉండనిచ్చాను. అప్పటిదాకా అందరూ నాకు జబ్బు ఎందుకు వచ్చిందో చెప్పినవాళ్ళే. నన్ను తాకి, నాకు ఏదో ఒకటి చేసినవాళ్ళు లేరు.

ఆ వారం అయ్యగారు గడప దగ్గర ప్రార్థన ముగించి కళ్ళు తెరిచి, నా చెయ్యి చూశారు.

"ఏమమ్మా సుగుణమ్మా, చేతికి అదేంది?"

"తాయత్తు అయ్యగారూ."

"ఎవురు కట్టినారు?"

"నేనే కట్టినా సామీ" అంది మస్తాన్‌బీ నా పక్కనుంచి.

ఆయన ఆమె వైపు చూడలేదు. "తెంపేయి దాన్ని. ఇప్పుడే. నా కండ్ల ముందర."

"ఉండనీండి అయ్యగారూ" అన్నాను.

"అంటే దేవుణ్ణి వదిలేసినట్టేనా?"

అబద్ధమాడే శక్తి కూడా లేదు నాకు. "ఆయన నాకు వినపడ్డం లేదయ్యగారూ. ఎంత పిలిచినా మాట పైనున్న నాపరాయికి తగిలి మళ్ళా నా మీదనే పడతాంది" అన్నాను.

ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. బాధ కాదది. ఇన్ని వారాలుగా వెతుకుతున్న వస్తువు దొరికిన సంతోషం. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని లేచి వెళ్ళారు. అత్త పొయ్యి దగ్గర వీపు తిప్పి కూర్చుని ఉంది. పొయ్యిలో పుల్ల ఎగదోస్తోంది.

* * *

సంఘం కమిటీ కూర్చుంది. రక్షణ, అంటే పరలోకంలో చోటు, పొందిన విశ్వాసి దాన్ని పోగొట్టుకోగలడా అన్నది ప్రశ్న. నా మీద పెట్టి చూశారు. పోగొట్టుకోగలదని తేల్చారు. ఆ కమిటీలో ఒకాయన భార్యను కట్టెతో కొడతాడని వీధికంతా తెలుసు. ఇంకొకాయన పదేళ్ళుగా తమ్ముడితో మాట్లాడడు. వాళ్ళ రక్షణకు గీత కూడా పడలేదు. దారం ముక్కకు నాది తెగిపోయింది.

నన్ను ప్రభువు బల్లకు దూరం పెట్టారు. నెలకొకసారి అందరూ వరసగా వెళ్ళి తీసుకునే ఆ రొట్టె, ద్రాక్షరసం నాకు లేవు. మంచం మీంచి లేవలేని దాన్ని బల్లకు రావద్దనడం ఎంత వీరత్వమో చూడండి. ఇంకో మాట కూడా అన్నారు. జరగరానిది జరిగితే సమాధుల తోటలో చోటు సంగతి మళ్ళీ ఆలోచించాల్సి ఉంటుందట. నేను ఇంకా చావలేదు, నా గుంతకు అప్పుడే తగాదా.

ఆ మాటలన్నీ నాకు తెచ్చి చెప్పింది నా భర్తే. అతను ఆ గదిలోనే కూర్చుని విన్నాడు.

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"నేనేమంటా? పెద్దోళ్ళు మాట్లాడుతాంటే..."

అని, నా కఫం డబ్బా తీసుకుని దొడ్లోకి వెళ్ళాడు. దాన్ని కడిగి, బూడిద పోసి, మళ్ళీ మంచం కింద పెట్టాడు. జబ్బు మొదలైన రోజు నుంచి ఆ పని అతనే చేసేవాడు. ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. అతన్ని పూర్తిగా అసహ్యించుకోనివ్వనిది ఆ డబ్బా ఒక్కటే.

* * *

వానలు పడ్డాక కర్నూలులో మంచం దొరికింది. రాజధాని అంటే ఏమో అనుకున్నాను. సర్కారు సగం గుడారాల్లో నడుస్తోంది. వార్డు కిటికీ నుంచి చూస్తే దూరంగా తెల్లటి గుడారాలు, వాటి మధ్య ఫైళ్ళు మోస్తూ తిరిగే బంట్రోతులు. సూదిమందు పడిన చోటల్లా గడ్డ కట్టేది. చెవుల్లో రొద. పక్క మంచాలు ఖాళీ అయ్యేవి, దుప్పట్లు మార్చేవాళ్ళు, మళ్ళీ నిండేవి. పొద్దున లేవగానే ముందు ఆ వరస చూసుకోవడం మా అందరికీ అలవాటు. ఎవరమూ పైకి చెప్పం.

నా పక్క మంచం ఆలూరు వైపు నుంచి వచ్చిన ఈరమ్మది. జొన్నచేలల్లో పనిచేసిన మనిషి. నవ్వితే దగ్గు, దగ్గితే నవ్వు. ఆమె ఉండగానే వచ్చాడు కర్నూలు ప్రసంగీకుడు యేసుపాదం. పెద్ద సభల్లో మాట్లాడే మనిషి. ఒకసారి రక్షణ పొందినవాడు ఎన్నటికీ దాన్ని పోగొట్టుకోలేడని బోధిస్తాడని విని, పాపం నా భర్త వెళ్ళి బతిమాలి పిలుచుకొచ్చాడు. మా అయ్యగారి తీర్పు మీద అప్పీలు అన్నమాట.

ఆయన ఇస్త్రీ మడతలు చెదరకుండా మంచం పక్కన నిలబడ్డాడు.

"సహోదరీ, నీ కాపరి బోధ తప్పు. రక్షణ దేవుని వరము. దేవుడిచ్చినది పోదు. పోవుట అసాధ్యము."

నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది. నా భర్త నా వైపు చూసి నవ్వాడు కూడా.

"అయితే నాకు పోలేదా?" అన్నాను.

"నిజముగా రక్షణ పొందినవారు తాయెత్తులు కట్టుకొనరు సహోదరీ. కనుక నీకు పోలేదు. అది నీకు ఎన్నడునూ లేదు."

నా భర్త నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది. చర్చిలో పుట్టి, చర్చిలో పెళ్ళాడి, చర్చి బడిలో పదేళ్ళు పాఠాలు చెప్పిన మనిషిని నేను. ఒకాయన ప్రకారం నాకు ఉండి పోయింది. ఇంకొకాయన ప్రకారం పోవడానికి ఏమీ లేదు. ఈ తేడా కోసమే ఇద్దరూ ఒకరి సభలకు ఒకరు వెళ్ళరట. నన్ను బయట నిలబెట్టడంలో మాత్రం ఇద్దరికీ ఒకటే మాట.

ఆయన వెళ్ళాక ఈరమ్మ నా వైపు ఒత్తిగిలింది.

"ఏమంటాండాడమ్మా ఆ ఇస్త్రీ బట్టలాయప్ప? మీ సామి ఇచ్చింది మళ్ళ తీస్కున్యాడంటనా?"

"తీస్కోలేదంట. అసలు ఇయ్యలేదంట."

ఈరమ్మ మోచేతి మీద లేచింది. "మా ఊర్లో కుక్కకేసిన ముద్దగూడ ఎవురూ మళ్ళ తీస్కోరు తల్లీ. తీస్కుంటే మర్యాద పోతాది" అంది.

నవ్వాను. చాలా నెలలకు నవ్వు వచ్చింది. దగ్గు రాలేదు. డాక్టరు చెప్పకముందే నాకు తగ్గుతోందని తెలిసింది అప్పుడే. ఈరమ్మకు తగ్గలేదు. చలికాలం దాటకుండానే పోయింది. ఆమె కొడుకులు వచ్చి తీసుకుపోయారు. ఆమె ఆత్మ ఎక్కడికి పోయిందన్న విషయం మీద ఆ వార్డులో ఎవరూ కమిటీ వెయ్యలేదు. అందరం ఏడ్చాం, అంతే.

ఆ రోజుల్లోనే నా భర్త వచ్చినప్పుడు చెప్పాడు. "అమ్మ గూడ బల్ల తీస్కోడం లేదు. అందురూ పోతారు, ఆమె కూర్చున్న కాడ్నుంచి లేయదు."

నా వల్ల అత్తకు తలవంపు అనుకున్నాను. ఆమె మీద కూడా నాకు కోపమే వచ్చింది.

* * *

రాజధాని హైదరాబాదుకు తరలిపోయే ఏడాదికి నేను ఇంట్లో తిరుగుతున్నాను. బడివాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. బతికి బయటపడితే మనిషికి గిరాకీ వస్తుందని అప్పుడు తెలిసింది. ప్రసన్నం అయ్యగారు వచ్చారు. ఈసారి రుమాలు లేదు, గడప దాటి లోపలికి వచ్చి కూర్చున్నారు. వచ్చే ఆదివారం బల్ల ఆరాధనలో నేను నిలబడి, తాయత్తు కట్టుకుని తొలగిపోయానని ఒప్పుకుంటే సంఘం తిరిగి చేర్చుకుంటుందట. ఆ వారమే సభల కోసం మా ఊరు వచ్చిన యేసుపాదం కూడా కబురు పంపాడు. ఇప్పుడు కొత్తగా రక్షణ పొందానని నేను సాక్ష్యం చెప్పాలట. నా ఊపిరితిత్తి మానింది సూదిమందుకు. ఆ ఘనత పంచుకోవడానికి ఇద్దరు.

శనివారం అత్త చింతాకు దూస్తోంది. నేను పక్కన కూర్చుని, "అత్తా, రేపు నేను ఒప్పుకోను. నీకు తలవంపైనా సరే" అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"తలవంపు గాదు మే. ఆ తాయత్తు నేనే తెమ్మన్యా."

నాకు అర్థం కాలేదు.

"నీకు తెలివి తప్పినప్పుడు. మస్తాన్‌బీ కాళ్ళు పట్టుకున్యా. యాడికైనా పో, ఏమన్నా తే, నా కోడలు బతకాల అన్యా. ఎవురికీ చెప్పొద్దని ఒట్టేపిచ్చుకున్యా. అయ్యగారు నిన్నడిగినప్పుడు పొయ్యి కాడ కూర్చొని గమ్మునుండిపోతి. నోరు లేయలే."

మస్తాన్‌బీ ఇన్నాళ్ళూ ఆ మాట నాకు కూడా చెప్పలేదు.

"అందుకే బల్ల తీసుకోలేదా నువ్వు?"

"అయ్యగారు చెప్తాడు గదా, యోగ్యత లేకుండా ఆ రొట్టె తింటే రోగమొచ్చి చస్తారని. నాకు పోయిండాది మే. మీ మామ ఆడ మోచ్చంలో ఉంటాడు. నేను ఆయప్ప కాడికి పోను గదా ఇంక?"

డెబ్బై ఏళ్ళ మనిషి, చింతాకు చేతిలో పట్టుకుని, చిన్నపిల్లలా నా మొహంలోకి చూస్తూ అడిగింది. అప్పటిదాకా నాకు వాళ్ళ మీద ఉన్నది విసుగు. ఆ క్షణంలో అది అసహ్యమైంది. ఒక ముసలామె తన కోడలు బతకాలని కోరుకుంది. అందుకు రెండేళ్ళు ప్రతి రోజూ ఆమెను నరకం ముందు కూర్చోబెట్టారు, వాళ్ళకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఆదివారం భోంచేసి హాయిగా నిద్రపోయారు.

"పోయేదైతే నీకన్నా ముందు అయ్యగారికి పోయుండాలత్తా" అన్నాను.

"అట్లనద్దు" అంది భయంగా, చుట్టూ చూస్తూ.

* * *

ఆదివారం చర్చి నిండిపోయింది. బల్ల మీద తెల్లగుడ్డ, ఇత్తడి పళ్ళెంలో రొట్టె ముక్కలు. ముందు కుర్చీలో అతిథిగా యేసుపాదం. నా సాక్ష్యం ఎవరికి దక్కుతుందో చూసుకోవడానికి ఆ ఒక్క రోజుకు ఈ గడప తొక్కాడు. చాపల మీద ఒకవైపు మేము, ఇంకోవైపు మగవాళ్ళు.

అయ్యగారు పిలిస్తే లేచి నిలబడ్డాను.

"అన్యుల దారం కట్టుకొని విశ్వాసం నుంచి తొలగిపోయినాను, అని చెప్పమ్మా."

"నన్ను బతికించుకోవాలని కట్టినారు. దానికి నేను క్షమాపణ అడగను" అన్నాను.

యేసుపాదం కుర్చీలోంచి లేచాడు. "తొలగిపోవుట అను మాటే తప్పు! ఈమె ఆనాడు..."

"ఆ దారం నేను తెప్పిచ్చినా."

నా పక్కనే అత్త లేచి నిలబడి ఉంది. "ఆ పాపకు తెలీదు. నేను తెప్పిచ్చినా. ఏమన్నా ఉంటే నన్నడగండి."

అయ్యగారు తెల్లబోయారు. "సంతోషమ్మా, నువ్వా? బాప్తిస్మం తీసుకొని ఇన్నేండ్లు నిలబడినదానివి! చూస్తిరా, ఎంత గట్టి విశ్వాసైనా పడిపోవచ్చు అనేదానికి ఇదే..."

"పడిపోలేదు! నిలబడినట్లు కనపడినది, అంతే" అన్నాడు యేసుపాదం.

"నలభై యేండ్ల నుంచి నేనెరుగుదు ఆమెను!"

"మనుష్యులు ఎరుగుట వేరు!"

ఒకరు ఒక వాక్యం తీశారు. రెండోవారు ఇంకొకటి తీశారు. పేజీలు తిరుగుతున్నాయి. గొంతులు లేస్తున్నాయి. మగవాళ్ళ వైపు కొందరు ఇటు, కొందరు అటు తలలూపుతున్నారు. ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆ మనిషిని ఒక్కరూ చూడలేదు.

అత్త నడిచింది. కొంగుకు చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది. తెల్లగుడ్డ పక్కకు తీసి ఒక ముక్క తీసుకుంది. దాన్ని రెండుగా తుంచి, వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

"దా మే."

నేను నమ్ముతున్నానో లేదో నాకు తెలియదు. అత్త చెయ్యి చాపింది, వెళ్ళాను.

అప్పుడు చూశారు అయ్యగారు. "సంతోషమ్మా! యోగ్యత లేకుండా తింటే ఏమైతుందో తెలుసునా?"

"తెలుసు సామీ. మీరే గదా చెప్పినారు" అంది అత్త. కళ్ళు గట్టిగా మూసుకుని నోట్లో వేసుకుంది.

ఇద్దరం బయటికి నడిచాం. వీధిలో కొంత దూరం పోయాక నా కాళ్ళకు చెప్పులు లేవని గుర్తొచ్చింది. వెనక్కి తిరిగితే నా భర్త వస్తున్నాడు, మా ఇద్దరి చెప్పులు చెరొక చేత్తో పట్టుకుని, తల వంచుకుని. లోపల ఇంకా కేకలు వినపడుతున్నాయి.

అత్త ఇంటికి రాగానే మంచం మీద వెల్లకిలా పడుకుంది. ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. అన్నం వద్దంది. మస్తాన్‌బీ వచ్చి అడిగితే కళ్ళు మూసుకుంది. నేను పక్కన కూర్చున్నాను. చావు కోసం కాచుకుంటోందని నాకు తెలుసు. నేను అలా కాచుకుని ఉన్నాను కనుక తెలుసు. ఏమీ కాదత్తా అని చెప్పి లాభం లేదు. ఆమె చెయ్యి మాత్రం పట్టుకున్నాను.

మధ్యాహ్నం గడిచింది. ఎండ గోడ దిగింది. మేకలు ఇళ్ళకు వస్తున్నాయి.

అత్త లేచి కూర్చుంది. అరచేతులు చూసుకుంది. గట్టిగా ఊపిరి పీల్చి చూసుకుంది.

"ఏమీ కాలేదే" అంది.

"ఏమీ కాలేదత్తా."

"ఉట్టిగానే బెదురుకొని చస్తి గదే ఇన్ని దినాలు."

కొంగు నడుముకు దోపి పొయ్యి ముట్టించడానికి లేచింది. వంగి ఊదుతూ, పొగ మధ్యలో నుంచి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అయ్యగారిని ఒక మాట తిట్టింది. పంతులమ్మను కనుక ఆ మాట ఇక్కడ రాయడం లేదు.